పని న్యాయమైనదే, కానీ ఫోన్ కొడితేనే అయ్యింది. ఇది అధికార దుర్వినియోగమేనా?

కాగితప్పడవ
ఇల్లు కట్టుకోవడానికి ప్లాన్ అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. స్థలం నాదే, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఫీజు కట్టాను. మొదటిసారి ఒక కొర్రీ వేసి వెనక్కి పంపారు. సరిచేసి ఇచ్చాను. రెండోసారి ఇంకో కొర్రీ. ఇదేదో మొదటిసారే చెప్పొచ్చు కదా అంటే సమాధానం లేదు. మూడోసారి, మొదట వేసిన కొర్రీనే మళ్ళీ వేశారు! ఐదు నెలలు తిరిగాను. లంచం మాత్రం ఎవరూ అడగలేదు, అది చెప్పాలి. అడిగుంటే కనీసం వాళ్ళ బాధేమిటో తెలిసేది.

చివరికి తెలిసినవాళ్ళ ద్వారా ఒక నాయకుడి వెంట తిరిగే మనిషి పరిచయమయ్యాడు. నా ముందే ఫోన్ తీశాడు. నిమిషం కూడా మాట్లాడలేదు. "మనవాడే, చూడండి" అన్నాడు, అంతే. ఆ సాయంత్రానికి సంతకం అయిపోయింది.

ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నాకే ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టుంది. నేను అడిగింది నాకు రావాల్సినదే. ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి వరసా తప్పించలేదు (అనుకుంటున్నాను). మరి దుర్వినియోగం జరిగినట్టా, జరగనట్టా? జరిగితే చేసిందెవరు? ఆపినవాడా, ఫోన్ చేసినవాడా, చేయించుకున్న నేనా?

నిద్రమత్తు
ఆ ఫోన్ నంబరు ఇటు కూడా పంపండి, నీతి సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

రెండో_బెంచి
సమస్య ఫోన్ కాదు. మీ స్థలంలో మీ డబ్బుతో ఇల్లు కట్టుకోవడానికి ఇంకొకడి సంతకం ఎందుకు? సంతకం అవసరమైన చోటల్లా దాన్ని ఆపే అవకాశం పుడుతుంది, ఆపే అవకాశం ఉన్నచోట బేరం పుడుతుంది. ప్రభుత్వం పని మూడే: బయటివాడి నుంచి కాపాడటం, లోపలి దొంగ నుంచి కాపాడటం, తగాదా వస్తే తీర్పు చెప్పడం. మిగతావన్నీ తగ్గించేస్తే దుర్వినియోగం చేయడానికి ఏమీ మిగలదు.

వేపపుల్ల
రెండో_బెంచి గారూ, మీ పక్కింటాయన ఆరంతస్తులు పునాది లేకుండా లేపితే ఆ గోడ ఎవరి మీద పడుతుంది? అప్పుడు "ఏ అధికారీ ఆపలేదే" అని మీరే ఇక్కడ టాపిక్ తెరుస్తారు.

మశూచి ఎలా పోయింది? ఎవరికి వాళ్ళు టీకా కొనుక్కుంటే పోలేదు. ప్రభుత్వాలు కలిసి, ఒక్కో కేసు వెతికి, చుట్టుపక్కల అందరికీ టీకా వేస్తే 1980లో ప్రపంచంలో లేదని ప్రకటించగలిగారు. అందరికీ కావాలి, ఏ ఒక్కడూ సొంతంగా చేయలేడు, అలాంటి పనులుంటాయి. ప్రభుత్వం ఉన్నది వాటికే. మూడు పనుల లెక్క వినడానికి బాగుంటుంది, అంతే.

రెండో_బెంచి
టీకా ఉదాహరణ ఒప్పుకుంటాను. కానీ ప్రతి సంతకాన్నీ మశూచి పక్కన నిలబెట్టకండి. ఆయనకి వేసిన మూడు కొర్రీల్లో పునాది గురించి ఒక్కటైనా ఉందా?

కాగితప్పడవ
లేదు. ఒకటి ఫొటో సైజు గురించి.

నిద్రమత్తు
ఫొటో పెద్దదైతే ఇల్లు కూలిపోతుందేమోనని ముందు జాగ్రత్త.

రిటైర్డ్_గుమాస్తా
బల్లకి ఇటుపక్క ముప్పై ఏళ్ళు కూర్చున్నవాడిగా చెప్తాను. తిట్టేవాళ్ళు తిట్టుకోండి.

అధికారం అంటే చాలామంది ఆర్డర్లు వేయడం అనుకుంటారు. కాదు. ఆఫీసులో అసలు అధికారం ఫైలు ఆపడంలో ఉంటుంది. తప్పు ఆర్డరు వేస్తే కాగితం మీద ఉంటుంది, రేపు ఎవడైనా పట్టుకుంటాడు. ఊరికే ఆపితే? "పరిశీలనలో ఉంది". ఈ రెండు మాటలతో ఎంత కాలమైనా గడిచిపోతుంది, ఎవరి మీదా తప్పు రాదు. నేను కూడా ఆపాను. కొన్ని భయంతో, కొన్ని బద్ధకంతో, ఒకటి రెండు మాత్రం పైనుంచి చెప్తే.

ఆ పైనుంచి చెప్పిన సంగతి ఒకటి. ఒకాయన ఫైలు పక్కన పెట్టమని మా పై అధికారి నోటిమాటగా చెప్పారు. కారణం ఆ దరఖాస్తుదారుడు ఎన్నికల్లో అటువైపు తిరిగాడని. నేను అప్పటికి కాస్త కుర్రతనంలో ఉన్నాను. "సార్, ఆ మాటే నోట్‌ఫైల్లో రాసివ్వండి, పెట్టేస్తాను" అన్నాను. ఆయన నా వైపు చూసి నవ్వారు. రాయలేదు. ఫైలు కదిలింది. నెల తిరక్కుండా నేను కూడా కదిలాను, బదిలీ మీద. ఆ బదిలీ ఆర్డరులో మాత్రం "పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా" అని శుభ్రంగా రాశారు.

అప్పట్నుంచి నాకొకటే కొలబద్ద. నోటితో చెప్పి కాగితం మీద పెట్టడానికి జంకే ఆదేశం ఏదైనా దుర్వినియోగమే. కాగితప్పడవ గారి ఫోన్ కూడా అదే జాతి.

చరిత్రపిచ్చి
గుమాస్తా గారి పోస్టు చదవగానే గుర్తొచ్చింది. అమెరికాలో నిక్సన్ హయాంలో "శత్రువుల జాబితా" అని ఒకటి తయారైంది. 1972లో వైట్‌హౌస్ న్యాయ సలహాదారు జాన్ డీన్, వందల పేర్లున్న ఒక జాబితాని పన్నుల శాఖ అధిపతి జానీ వాల్టర్స్ చేతికిచ్చి, వీళ్ళ లెక్కలు తవ్వండి అన్నాడు. వాల్టర్స్ తన పైనున్న ఆర్థికమంత్రి జార్జ్ షుల్ట్జ్ దగ్గరికెళ్ళి అడిగాడు. ఏమీ చెయ్యొద్దు అన్నాడాయన. వాల్టర్స్ ఆ జాబితాని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఏమిటంటే, పన్ను లెక్కలు తనిఖీ చేయడం చట్టబద్ధమే. ప్రతి తనిఖీనీ విడిగా చూస్తే ఏ తప్పూ కనపడదు. ఎవరి ఇంటికి వెళ్ళాలి అన్నది ఎలా నిర్ణయించారో అక్కడుంది విషం. కొత్త చట్టం చేయక్కర్లేదు, ఉన్నదాన్ని ఎంచి ఎంచి వాడితే చాలు.

రెండో_బెంచి
నా మాటే మీరు రుజువు చేస్తున్నారు. వాల్టర్స్ మంచోడు కాబట్టి సరిపోయింది. కాకపోతే? మంచోడి మీద ఆధారపడే వ్యవస్థ వ్యవస్థే కాదు.

చరిత్రపిచ్చి
ఇద్దరు మంచోళ్ళు ఉండాల్సి వచ్చింది, నిజానికి. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అధికారం తీసేస్తే సరి అంటే నేను రాను. పన్నుల శాఖే లేకపోతే మీ టీకా డబ్బు ఎక్కడిది?

వేపపుల్ల
టీకా నాది అండీ, ఆయనది కాదు.

గట్టిమనిషి
ఇంత చర్చ దేనికో. పైన ఒక గట్టి నాయకుడుంటే కింద ఎవడూ ఫైలు ఆపడు. ఒక్కడి మాట చెల్లాలి. పదిమందిని అడిగి చేస్తే ఏ పనీ కాదు. మాకు పని కావాలి, పద్ధతి కాదు.

నిద్రమత్తు
మీ హ్యాండిల్ చూసే అనుకున్నాను.

చరిత్రపిచ్చి
గట్టిమనిషి గారూ, రోమన్లు మీరడిగింది చేసి చూశారు. ఆపద వస్తే ఒక్కడికి మొత్తం అధికారం ఇచ్చేవాళ్ళు, ఆ పదవి పేరే డిక్టేటర్. కానీ గడువు ఆరు నెలలు. క్రీ.పూ. 458లో సిన్సినాటస్ అనే ఆయన్ని పొలం నుంచి పిలిచి పదవి ఇస్తే, యుద్ధం గెలిచి పదహారో రోజున వదిలేసి మళ్ళీ నాగలి పట్టాడని చెప్పుకుంటారు. ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకోవడానికి కారణం యుద్ధం కాదు, వదిలేయడం. తర్వాత సుల్లా వచ్చి గడువు లేకుండా తీసుకున్నాడు. క్రీ.పూ. 44లో సీజర్ "శాశ్వత డిక్టేటర్" అయ్యాడు. ఆ రిపబ్లిక్ ఇక కోలుకోలేదు. గట్టి మనిషితో పేచీ లేదు, గడువు చెరిపేసే గట్టి మనిషితోనే.

గట్టిమనిషి
రెండువేల ఏళ్ళ కింద సంగతులు ఇప్పుడెందుకు.

కోర్టుపక్షి
సరే, దగ్గరి సంగతి. 1975 జూన్ 25 రాత్రి భారతదేశంలో ఎమర్జెన్సీ ప్రకటన మీద రాష్ట్రపతి సంతకం అయ్యింది. ప్రధాని సలహా మీద. మంత్రివర్గం సమావేశమై ఆమోదించింది ఎప్పుడు? మర్నాడు పొద్దున, అంతా అయిపోయాక. 1977 మార్చి దాకా సాగింది. మనుషుల్ని విచారణ లేకుండా లోపల వేస్తే కోర్టుకి వెళ్ళే హక్కు కూడా లేదని 1976లో సుప్రీంకోర్టు అంది. ఐదుగురిలో కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. సీనియారిటీ ప్రకారం ప్రధాన న్యాయమూర్తి కావాల్సిన ఆయన్ని తర్వాత పక్కన పెట్టారు, ఆయన రాజీనామా చేశారు. గుమాస్తా గారి బదిలీ లాంటిదే, పెద్ద సైజులో.

అసలు చెప్పాలనుకున్నది ఇది. 1978లో 44వ సవరణ చేసినప్పుడు ఏం చేర్చారో చూడండి. మంత్రివర్గ నిర్ణయం రాష్ట్రపతికి రాతపూర్వకంగా అందితే తప్ప ఎమర్జెన్సీ ప్రకటించకూడదు. "అంతర్గత అలజడి" అనే సాగదీయగలిగే మాట తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని పెట్టారు. గుమాస్తా గారు "రాసివ్వండి సార్" అన్న మాటే రాజ్యాంగంలోకి ఎక్కింది అనుకోవచ్చు.

రిటైర్డ్_గుమాస్తా
ఈ పోలిక మా ఆవిడకి చదివి వినిపించాను. "అందుకేనా పెళ్ళైన కొత్తలో మూటాముల్లె సర్దించారు" అంది.

మల్లెపందిరి
నా కేసు వేరేగా ఉంటుంది. నాన్న పోయాక అమ్మకి పెన్షన్ రావాలి. నిబంధనల ప్రకారం అర్హత ఉంది, మంజూరు కూడా అయ్యింది. కానీ ఇవ్వలేదు. ఎందుకంటే నాయకుడి చేతుల మీదుగా ఇస్తారట, ఆయనకి తీరిక దొరికేదాకా ఆగాలట. రెండు నెలలు ఆగాం. తర్వాత స్టేజి ఎక్కించి, వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ కాగితం ఇస్తూ ఫొటో. అమ్మ అప్పటికి మనుషుల్లోకి వెళ్ళే స్థితిలో లేదు. నవ్వమన్నారు.

డబ్బు ఆయన జేబులోది కాదు. నాన్న జీతంలోంచి కోసుకున్నది, జనం పన్నులు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, అదే. ఎవరూ రూపాయి తినలేదు, ఏ చట్టమూ తప్పలేదు. కానీ అమ్మ మాత్రం ఆ రోజు నుంచి "ఆయన ఇచ్చాడు" అంటుంది. "నాకు రావాల్సింది వచ్చింది" అనదు. నాకు కోపం అక్కడ.

వేపపుల్ల
మల్లెపందిరి గారి చివరి నాలుగు ముక్కలు చాలు, టాపిక్ పైన పెట్టి తాళం వేసుకోవచ్చు. హక్కుని దయగా మార్చి చేతిలో పెట్టడం. కాగితప్పడవకి జరిగింది కూడా అదే. ఐదు నెలలు ఆపింది దేనికి? తర్వాత "ఇప్పించాం" అనిపించుకోవడానికి.

రెండో_బెంచి
అంత ప్లాన్ వేసి ఆపారని నేను అనుకోను. బద్ధకంతో ఆపారు, పైరవీతో కదిలింది. కుట్ర అక్కర్లేదు. ఫలితం మాత్రం ఒకటే, అది ఒప్పుకుంటాను.

ఆల్ట్_డిలీట్
సాఫ్ట్‌వేర్ వాడిని. ఇదంతా ఆన్‌లైన్ చేసేస్తే గొడవ ఉండదు కదా? మనిషే లేకపోతే ఫోన్ ఎవరికి చేస్తారు.

కోర్టుపక్షి
బ్రిటన్ పోస్టాఫీసు కథ తెలుసా? హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థ పెట్టారు. అది తప్పుడు లోటు చూపించేది. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా పోస్టాఫీసు నడిపేవాళ్ళకి దొంగతనం, దొంగలెక్కల నేరాల కింద శిక్షలు పడ్డాయి. ప్రభుత్వ సంస్థే ఫిర్యాదీ, ఎక్కువ కేసుల్లో కేసు నడిపిందీ అదే. ఇల్లు అమ్ముకున్నవాళ్ళున్నారు, జైలుకెళ్ళినవాళ్ళున్నారు. "కంప్యూటర్ చెప్పింది" అంటే కోర్టులూ నమ్మాయి. చివరికి 2024లో ఏకంగా చట్టం చేసి ఆ శిక్షలు కొట్టేశారు.

నెదర్లాండ్స్‌లో ఇంకో కథ. పిల్లల సంరక్షణ భత్యంలో మోసం చేశారని వేలాది తల్లిదండ్రుల మీద తప్పుగా ముద్రవేసి, చిన్న పొరపాటుకి కూడా మొత్తం వెనక్కి కట్టమన్నారు. అది బయటపడి 2021 జనవరిలో మంత్రివర్గమే రాజీనామా చేసింది.

ఆల్ట్_డిలీట్
హొరైజన్ సంగతి విన్నాను కానీ అంకె ఇంత అనుకోలేదు. సరే, నా మాట మార్చుకుంటున్నాను. ఆన్‌లైన్ చేసినా, "కాదు" అన్నప్పుడు కారణం రాసి, ఫలానా చోట అప్పీలు చేసుకో అని చెప్పే మనిషి ఉండాలి. మేం స్క్రీన్లు కట్టేటప్పుడు "తిరస్కరించు" బటన్ ఒక్క రోజులో పెడతాం. కారణం రాసే గడి పెట్టమంటే మాత్రం, "వద్దు, ఖాళీగా వదిలేలా పెట్టండి" అని వస్తుంది. స్వయంగా చూశాను.

రిటైర్డ్_గుమాస్తా
ఆ ఖాళీ గడే మా "పరిశీలనలో ఉంది". రూపం మారింది.

గట్టిమనిషి
గెలిచినవాడు తన వెంట తిరిగినవాళ్ళకి నాలుగు పనులు చేసిపెడితే తప్పేంటి? ఓట్లేసింది అందుకే కదా. మీరంతా మీ కుటుంబంలో చెయ్యరా?

చరిత్రపిచ్చి
వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు, సరే. వడ్డించేది ఆయన వంట కాదుగా. 1800ల్లో అమెరికాలో దీన్ని బాహాటంగానే చేసేవాళ్ళు. గెలిచిన పార్టీ గుమాస్తా ఉద్యోగాల దాకా తనవాళ్ళకి పంచేది. ఎన్నికల్లో తిరిగినందుకు పారిస్‌లో కాన్సుల్ పదవి రావాల్సిందేనని పట్టుబట్టిన గిటో అనేవాడు, అది రాలేదని 1881లో ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్‌ని కాల్చాడు. ఆయన రెండున్నర నెలలు నరకం చూసి పోయాడు. 1883లో పరీక్ష పెట్టి ఉద్యోగాలివ్వాలని చట్టం వచ్చింది. మొదట్లో కొద్ది ఉద్యోగాలకే.

పంచే నాయకుడికి కూడా సుఖం లేదని చెప్పడానికి ఇది రాశాను. పదిమందికిస్తే వందమంది శత్రువులు.

సగంచదువు
అధికారం చెడగొడుతుంది, సంపూర్ణ అధికారం సంపూర్ణంగా చెడగొడుతుంది. లార్డ్ ఆక్టన్. చర్చ ముగిసింది.

కోర్టుపక్షి
ముగియలేదు. 1887లో చరిత్రకారుడు క్రైటన్‌కి రాసిన ఉత్తరంలో ఆయన అన్నది "చెడగొట్టే వైపు మొగ్గుతుంది" అని. ఆ "మొగ్గుతుంది" అందరూ మింగేస్తారు. అది మింగేస్తే వాల్టర్స్, ఖన్నా లాంటివాళ్ళకి చోటుండదు.

సగంచదువు
నా హ్యాండిల్ ఊరికే పెట్టుకోలేదు.

మోడరేటర్
రెండు పోస్టులు తీసేశాను, పార్టీల పేర్లతో తిట్టుకున్నందుకు. ఎవరివో వాళ్ళకి తెలుసు. తీసేయడానికి కారణం వాళ్ళకి మెసేజ్‌లో రాశాను, ఒప్పుకోకపోతే ఇంకో మోడరేటర్‌కి చెప్పుకోవచ్చు.

నిద్రమత్తు
కారణం రాతపూర్వకంగా, పైగా అప్పీలు సౌకర్యం! ఈ వేదికకే ఓటేస్తాను.

రెండో_బెంచి
ఒక్కటి వదిలేశాం. ఆయన మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. చేయించుకున్నవాడి తప్పు ఎంత?

మల్లెపందిరి
నేనైతే ఆయన్ని తప్పుపట్టను. నేనూ స్టేజి ఎక్కించాను కదా అమ్మని. వద్దని ఉంటే ఇంకెన్నాళ్ళు ఆగేవాళ్ళమో.

వేపపుల్ల
నేను కొంచెం తప్పుపడతాను, తిట్టుకోకండి. వరస తప్పలేదు అనుకుంటున్నారు, కానీ ఆ సాయంత్రం ఆ అధికారి మీ ఫైలు తీశాడంటే ఇంకొకరిది కింద పెట్టే ఉంటాడు. ఆ ఇంకొకరికి నాయకుడి దగ్గర తిరిగే మనిషి తెలియకపోవచ్చు. మీరు చేసింది పెద్ద నేరం అనను. కానీ ఎవరికీ నష్టం లేదన్న మాట మాత్రం నిజం కాదు.

రిటైర్డ్_గుమాస్తా
వేపపుల్ల గారన్నది నిజం. ఫోన్ ఫైలు వచ్చిన రోజు మామూలు ఫైళ్ళు ఒక వరస కిందికి దిగేవి. లెక్క పెట్టలేదు కానీ దిగేవి. సమాచార హక్కు చట్టం కింద, మీ తర్వాత వచ్చిన దరఖాస్తులు ఎప్పుడు తేలాయో తేదీలు అడగొచ్చు, కాగితప్పడవ గారూ. 30 రోజుల్లో చెప్పాలి. పని అయిపోయాక అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు, నాకు తెలిసి ఒక్కరూ అడగలేదు.

కాగితప్పడవ
రెండు వారాల తర్వాత వస్తున్నాను. అన్నీ చదివాను. వేపపుల్ల గారి మాట గుచ్చుకుంది, కానీ రాసినందుకు సంతోషమే.

ఇప్పుడు కొత్త సంగతి. నిన్న ఆ మనిషే ఫోన్ చేశాడు. "ఇల్లు మొదలుపెట్టారా" అని ఎంతో ప్రేమగా అడిగాడు. తర్వాత ఒక కాగితం పంపుతాను, సంతకం చేసి ఇవ్వండి అన్నాడు. మా వీధిలోనే ఒకాయన రోడ్డు పని నాసిరకంగా చేశారని ఊరంతా చెప్తూ తిరుగుతున్నాడు. ఆయన ఇల్లు కొలతలు దాటి కట్టాడని ఫిర్యాదు, వీధివాళ్ళు ఇచ్చినట్టు. కొలతలు దాటాడేమో, నాకు తెలియదు. వీధిలో సగం మంది దాటారు. నోటీసు మాత్రం ఆయన ఒక్కడికే వెళ్తుంది.

చరిత్రపిచ్చి గారి పన్నుల జాబితా ఇంత తొందరగా మా గుమ్మంలోకి వస్తుందనుకోలేదు.

రెండో_బెంచి
సంతకం పెట్టారా?

కాగితప్పడవ
లేదు. ఊళ్ళో లేనని చెప్పాను. అబద్ధమే. ఇంకా స్లాబు తనిఖీ ఉంది, కరెంటు కనెక్షన్ ఉంది, ఇంటి పన్ను వేయాలి. అన్నిటికీ ఆ ఆఫీసుకే వెళ్ళాలి.

మల్లెపందిరి
ఆ ఇంటాయనకి చెప్పారా?

కాగితప్పడవ
రాత్రి వెళ్ళాను. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. రేపు మళ్ళీ వెళ్తాను.

రిటైర్డ్_గుమాస్తా
వెళ్ళేటప్పుడు మీ మూడు కొర్రీల కాగితాలు కూడా పట్టుకెళ్ళండి. మీ ఇద్దరి తేదీలూ పక్కపక్కన పెట్టి ఒకే దరఖాస్తులో అడగండి. డ్రాఫ్టు నేను రాసిపెడతాను, మెసేజ్ చేయండి. ఇప్పుడు నన్ను బదిలీ చేసేవాడెవడూ లేడు.